మా అమ్మాయి డ్రాగన్ల పుస్తకాలు వదలదు, నా కవిత్వం ముట్టుకోదు

ప్రశ్న: మేం హబ్సిగూడలో ఉంటామండి. నాకు 61, గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. డిగ్రీ రోజుల నుంచీ కవిత్వం అంటే ప్రాణం, మహాప్రస్థానం సగానికి పైగా నోటికొచ్చు. మా అమ్మాయికి 24, సాఫ్ట్‌వేర్, రోజూ మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్ళొస్తుంది, ఆ దారంతా కిండిల్‌లో ఇంగ్లీషు ఫాంటసీ నవలలే. డ్రాగన్లు, మాంత్రికులు, ఎక్కడా లేని రాజ్యాల మధ్య యుద్ధాలు. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కి ఇద్దరం కలిసి వెళ్ళాం. తన కోసం మహాప్రస్థానం, కృష్ణపక్షం, అమృతం కురిసిన రాత్రి కొన్నాను. తను ఎనిమిది వందల పేజీల డ్రాగన్ పుస్తకం ఒకటి తెచ్చి బిల్లింగ్ దగ్గర పెట్టింది. "ఇంత వయసొచ్చి ఇంకా చందమామ కథలేంటమ్మా, నేను పదిహేనేళ్ళకే మానేశాను" అన్నాను, చుట్టూ జనం ఉన్నారు. "మీ కవిత్వం మొత్తం ఒకటే కేక నాన్నా, ఎవరో నా మీద అరుస్తున్నట్టుంటుంది" అంది. అప్పట్నుంచి ఇంట్లో పుస్తకాల మాటే లేదు. ఆ మూడు పుస్తకాలూ కవర్లోంచి కూడా తియ్యలేదు. విచిత్రం ఏంటంటే మా అమ్మ, ఆవిడకి 85, పొద్దున్నే గజేంద్రమోక్షం పద్యాలు చదువుకుంటుంటే మాత్రం పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేస్కుంటుంది. నాకైతే పద్యాలు ఎప్పుడూ ఎక్కలేదు. తనకి కవిత్వం రుచి ఎలా తెలిసేలా చెయ్యాలి? లేకపోతే అటక మీద చందమామ బౌండ్లతో సహా అన్నీ ఏ లైబ్రరీకో ఇచ్చేసి ఊరుకోవాలా? (పేరు వెయ్యొద్దు)

సమాధానం: నమస్తే అండి. మీరు విచిత్రం అని చెప్పి ఒక్క ముక్కలో దాటేశారు చూశారా, నేను అక్కడే ఆగుతున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది అదే. పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తే పిల్ల, నానమ్మ పద్యం చదువుతుంటే పక్కన కూర్చుని రికార్డ్ చేస్కుంటోంది. అలాంటి పిల్లకి కవిత్వం రుచి తెలీదని మీరెలా అనుకుంటున్నారండీ? తెలుసు, బాగా తెలుసు. మీ కవిత్వం ఇంకా తన దగ్గరికి చేరలేదు, అంతే.

ఎందుకు చేరలేదు అనేదానికి నాకు తోచింది చెప్తాను. మీ అమ్మాయి స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ ఏం తీసుకుందో మీరు రాయలేదు. మన హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియం పిల్లలు చాలామంది టెన్త్‌తో తెలుగుకి దండం పెట్టేస్తారు, ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటారు, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు కానీ అచ్చులో ఒక పేజీ తెలుగు ఇస్తే మాత్రం కూడబలుక్కుంటూ చదువుతారు. నవలైతే అలా నెమ్మదిగా చదివినా కథ లాక్కుపోతుంది. కవిత్వం అలా కాదు, లైన్ ఒక్క ఊపులో లోపలికి పోవాలి, అక్షరం అక్షరం కూడుకుంటూ చదివితే నడక చచ్చిపోతుంది, నడక చచ్చిపోయాక మహాప్రస్థానంలో ఇంక మిగిలేది మీ అమ్మాయి అన్న ఆ కేకే కదా. మీకు అది నోటికొచ్చు కాబట్టి పేజీ చూడగానే మీ చెవిలో మోగుతుంది. తనకి మోగదు. నానమ్మ పద్యం ఎందుకు నచ్చిందంటే అది తనకి చెవిలోంచి వచ్చింది, చదవాల్సిన పని పడలేదు. మీది అభిరుచుల తేడా అనుకుంటున్నారు గానీ సగానికి సగం ఇదేనని నా నమ్మకం. కాబట్టి ఆ మూడు పుస్తకాలూ తన టేబుల్ మీద పెట్టి ఎదురుచూడటం మానెయ్యండి. మీరు చదివి వినిపించండి. మీటింగుల్లో చదివినట్టు గొంతు పెంచి కాదు, మామూలుగా, ఆదివారం టిఫిన్లయ్యాక ఒక్క కవిత, చదివేసి ఇంక ఊరుకోండి. ఎలా ఉంది అని అడగొద్దు, అర్థం చెప్పొద్దు, శ్రీశ్రీ గొప్పతనం అసలే చెప్పొద్దు.

మొదటిది ఏది చదవాలో కూడా చెప్తాను. మీరు కొన్న మూడింట్లో తిలక్ రాసిన అమృతం కురిసిన రాత్రి తియ్యండి, పుస్తకానికి పేరు పెట్టిన ఆ కవితే. మీకు గుర్తుండే ఉంటుంది. అందరూ నిద్రపోతుంటే ఒకడు తలుపు తీసుకుని ఇల్లు వదిలి కొండలు దాటి వెన్నెల మైదానంలోకి వెళ్ళి నిలబడతాడు, పైన చూస్తే ఆకాశం మీద అప్సరసలు పరుగులు పెడుతుంటారు, వాళ్ళ కాళ్ళకి నక్షత్రాల అందెలు. అమృతం వానలా కురుస్తుంది. ఇప్పుడు చెప్పండి, మీ అమ్మాయి మెట్రోలో చదివే నవలల్లో జరిగేది ఇదే కదా? మామూలు ఇంట్లోంచి ఒకడు తలుపు తీసుకుని బయటికొస్తాడు, ఈ లోకపు లెక్కలు పనిచెయ్యని చోటికి వెళ్తాడు, వెళ్ళినవాడు వెళ్ళినట్టు తిరిగి రాడు. మీరు ఫాంటసీ వద్దని తన చేతిలో పెట్టిన పుస్తకంలోనే ఇంత ఫాంటసీ ఉంది. ఆ మాట తనతో అనండి. నాన్న నోటి నుంచి ఆ మాట వస్తే కవర్లో ఉన్న పుస్తకం కవర్లో ఉండదు.

ఇంక మీరు బుక్ ఫెయిర్‌లో అన్న మాట. నలుగురిలో అన్నారు, అది వేరే తప్పు, దానికి తనకి సారీ చెప్పేయండి, అంతే, ఎక్కువ ఆలోచించకండి. కానీ ఆ మాటలోని వాదన ఉంది చూశారా, పెద్దవాళ్ళకి ఊహాలోకాలేంటి అనేది, అది మీకు కొత్త కాదు కదా. మీరు కొనిచ్చిన కృష్ణశాస్త్రి కృష్ణపక్షం 1925 నాటిది. తర్వాత వచ్చిన అభ్యుదయం వాళ్ళు, అంటే జనం కోసమే రాయాలన్న కవులు, కృష్ణశాస్త్రి లాంటి భావకవుల్ని అన్నది ఏంటి? జనం కష్టాలు పట్టవు, ఊహల్లో తేలిపోతారు, ఊర్వశి కోసం ఏడుస్తారు అనే కదా. కృష్ణశాస్త్రిని అలా అన్నందుకు మీరు ఇప్పటికీ బాధపడే మనిషి అయ్యుంటారని మీరు కొన్న పుస్తకాల్ని బట్టి అనుకుంటున్నాను. అదే మాట ఇప్పుడు మీ అమ్మాయి పుస్తకం మీద మీరు అన్నారు.

ఇంకోటి. శ్రీశ్రీ పద్యాన్ని బద్దలుకొట్టాడని మీ తరం వాళ్ళు ఆయన్ని గుండెల్లో పెట్టుకున్నారు, ఆయన మొదలుపెట్టింది మాత్రం ఛందస్సులోనే, 1928లో వచ్చిన ప్రభవ అంతా పద్యాలే. తర్వాత మహాప్రస్థానం కవితలు పత్రికల్లో వస్తుంటే పండితులు ఇది కవిత్వమేనా అన్నారు, పుస్తకంగా రావడానికి 1950 దాకా పట్టింది. ఆ తర్వాత 1965లో దిగంబర కవులు అనే తిరుగుబాటు కవులు మన హైదరాబాద్‌లోనే అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత మొదటి సంపుటి ఆవిష్కరణ చేయిస్తే, శ్రీశ్రీని మెచ్చుకున్నవాళ్ళలోనే చాలామంది ముఖం చిట్లించారు. ఒక తరం తన ముందు తరంతోనే కొట్లాడుతుంది, రెండు తరాలు వెనక్కి వెళ్ళి చేతులు చాస్తుంది. మీకు మీ అమ్మగారి పద్యాలు ఎక్కలేదు. మీ అమ్మాయికి ఎక్కుతున్నాయి. మీరు చిన్నబుచ్చుకోవాల్సింది ఏం లేదండీ ఇందులో, దారి నానమ్మ దగ్గర తెరిచి ఉంది, అటునుంచి రండి.

గజేంద్రమోక్షం సంగతే చూడండి. మనం చిన్నప్పట్నుంచీ భక్తిగా విని విని అందులో ఏముందో చూడటం మానేశాం. పాల సముద్రం మధ్యలో త్రికూటం అనే కొండ, దానికి మూడు శిఖరాలు, ఒకటి బంగారం, ఒకటి వెండి, ఒకటి ఇనుము. ఆ అడవిలో ఏనుగుల రాజు, చెరువులో మొసలి, ఇద్దరూ శాపం తగిలినవాళ్ళే, ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, మొసలి హూహూ అనే గంధర్వుడు, పోరాటం వెయ్యేళ్ళు. చివరికి ఏనుగు పిలిస్తే విష్ణువు లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖచక్రాలు చేతికి తీసుకోకుండా, తన చేతిలో ఉన్న ఆవిడ కొంగు చివర కూడా వదలకుండా పరిగెత్తుకొస్తాడు. ఫాంటసీ చదివి చదివి ఉన్న పిల్ల చెవికి ఇది ఎలా వినపడుతుందో ఒక్కసారి ఊహించండి, ఆ కొండకి మూడు లోహాల శిఖరాలుండటం తనకి మీకంటే ముందు కనపడి ఉంటుంది. మన దగ్గర కవిత్వం ఒక అరలో, మాయల కథ ఇంకో అరలో ఎప్పుడూ లేవండీ. ఈ అరలు ఈ మధ్య వచ్చినవి, పుస్తకాల షాపులో ర్యాకుల వల్ల వచ్చినవి.

దీనికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం పింగళి సూరన కళాపూర్ణోదయం. పదహారో శతాబ్దం కావ్యం, మీరు సాహిత్యం మనిషి కాబట్టి పేరు తెలిసే ఉంటుంది, పద్యం ఎక్కదన్నారు కాబట్టి లోపలికి వెళ్ళి ఉండరు. ద్వారకలో ఆడపిల్లలు తోటలో ఉయ్యాల ఊగుతుంటారు, పైన విమానంలో రంభా నలకూబరుడూ వెళ్తుంటారు, వాళ్ళ మాటల్లో ఒక కథ పేరు దొర్లుతుంది, ఆ కథ ఎవరికీ చెప్పకూడనిది. అక్కడ మొదలుపెట్టి నారదుడి సంగీతం మీద పంతం, మెడలో మణి, సింహం మీద ప్రయాణం, రూపాలు మార్చుకోవడాలు, ముడి మీద ముడి వేసుకుంటూ పోతాడు సూరన. అసలు రహస్యం ఏంటంటే బ్రహ్మ సరస్వతికి సరదాగా చెప్పిన కథ కింద భూమ్మీద నిజంగా జరుగుతుంది, మనుషులు తెలియకుండా ఆ కథలో పాత్రలైపోతారు. ఇప్పుడు ఇంగ్లీషులో ఎవరైనా ఈ ప్లాట్‌తో నవల రాస్తే మీ అమ్మాయి ప్రీ ఆర్డర్ పెట్టుకుంటుంది. తనకి తెలుగు పద్యం కష్టమైతే వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం ఉంది, ది సౌండ్ ఆఫ్ ద కిస్ అని, 2002లో వచ్చింది. తను అది చదువుతుంది, మీరు తెలుగులో చదవండి, అర్థం కాని పద్యం మీ అమ్మగారిని అడగండి. ఇంట్లో ముగ్గురూ కలిసి ఒకే పుస్తకంలో ఉండే అవకాశం చాలా ఇళ్ళకి దొరకదు, మీకు దొరికింది.

అయితే తనని ఇటు రమ్మంటున్నప్పుడు మీరు అటు వెళ్ళాలి కదా. ఇక్కడ మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. మీరు చందమామ కథలు అన్నారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, ఇవన్నీ మీకు ప్రాణంగా ఉండేవే అయ్యుంటాయి, లేకపోతే బౌండ్లు చేయించి ఇన్నేళ్ళు దాచరు. పదిహేనేళ్ళకి మానేశానని గర్వంగా రాశారు గానీ మీరు మానెయ్యడానికి కారణం వేరే అనుకుంటాను, ఆ వయసు తర్వాత చదవడానికి మనకి తెలుగులో ఆ తరహా పెద్దవాళ్ళ పుస్తకాలు పెద్దగా లేవు. క్షుద్రపూజల నవలలు వచ్చాయి, అవి వేరే రుచి. ఇంగ్లీషులో అది ఆగలేదు, పిల్లల కథ దగ్గర మొదలై పెద్దవాళ్ళ సాహిత్యం దాకా పెరిగింది. చావు, అధికారం, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడి ఒంటరితనం, ఇవన్నీ ఇప్పుడు ఆ డ్రాగన్ల అట్టల వెనకే ఉన్నాయి. టోల్కీన్ సంగతే తీసుకోండి, 1954, 55ల్లో వచ్చిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసింది ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు కవిత్వం పాఠం చెప్పుకునే ప్రొఫెసర్, ఆ పుస్తకం లోపల అరవైకి పైగా పాటలు, పద్యాలు ఉన్నాయి. చాలామంది పాఠకులు వాటిని దాటేసి కథలోకి పోతారు. మీ అమ్మాయి చదివిందా దాటేసిందా అడగండి, నిజంగా తెలుసుకోవడానికి అడగండి, పరీక్షలా వద్దు. చదివాను అంటే మీకు ఒక సాయంత్రం సరిపోని మాటలు దొరుకుతాయి.

మీరు చదవాల్సింది మాత్రం అది కాదు, దానితో మొదలుపెడితే యాభయ్యో పేజీలో పక్కన పెట్టేస్తారు. అర్సులా లెగ్విన్ రాసిన ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ తీస్కోండి, 1968 పుస్తకం, సన్నగా ఉంటుంది, రెండొందల పేజీల దగ్గర. గొర్రెలూ మేకలూ కాసుకునే ఊరి పిల్లాడు మంత్రాలు నేర్చుకోవడానికి వెళ్ళి పంతానికి పోయి ఒక నీడని ఈ లోకంలోకి వదిలేస్తాడు, మిగతా పుస్తకమంతా ఆ నీడ వాణ్ణి తరుముతుంది, తర్వాత వాడే దాన్ని తరుముతాడు. ఆ లోకంలో మంత్రం అంటే ఏంటో తెలుసా, ప్రతి వస్తువుకీ ఒక అసలు పేరు ఉంటుంది, ఆ పేరు తెలిసినవాడికే దాని మీద పట్టు. ఒక మాట కోసం రాత్రంతా తన్నుకులాడే కవుల్ని మీరు జీవితమంతా ప్రేమించారు, ఇది మీకు ఎక్కకుండా ఎలా ఉంటుంది? లెగ్విన్ కవయిత్రి కూడా, కవితా సంపుటాలున్నాయి. ఆ వాక్యాల్లో అది తెలుస్తుంది.

పెద్ద ఫాంటసీ నవల ఎప్పుడైనా మొదలుపెడితే ఒక విషయం గుర్తుపెట్టుకోండి, మొదటి వంద పేజీలు కొత్త కాలనీలోకి అద్దెకి దిగినట్టుంటుంది, ఏ సందు ఎటుపోతుందో తెలీదు, పేర్లు నోరు తిరగవు, ముందు పేజీల్లో ఉన్న మ్యాపుకి పదిసార్లు వెనక్కి వెళ్ళాల్సొస్తుంది. ఆ వంద పేజీలు ఓపిక పట్టాలి. అర్థం కాకపోతే తననే అడగండి. ఇన్నేళ్ళూ మీరు చెప్పడం తను వినడం అయింది, తను చెప్పడం మీరు వినడం ఒకసారి జరగనివ్వండి, 24 ఏళ్ళ పిల్లకి తనకి ఇష్టమైంది నాన్నకి వివరించే అవకాశం రావడం చిన్న విషయం కాదు.

తన మాట కూడా పూర్తిగా నిజం కాదు, అది కూడా చెప్పాలి. కవిత్వం మొత్తం ఒకటే కేక అనడం అన్యాయం. మూడు పుస్తకాలు చూసి, అదీ తెరవకుండా, మొత్తం తెలుగు కవిత్వం మీద తీర్పు ఇచ్చేసింది, మీరు అట్ట మీద డ్రాగన్ బొమ్మ చూసి తీర్పు ఇచ్చినట్టే. కాకపోతే మీరు ఎంచిన పుస్తకాలు ఒకసారి తన వైపు నుంచి చూడండి. ముగ్గురూ మగవాళ్ళు, ముగ్గురూ తను పుట్టకముందే పోయినవాళ్ళు. ఈ ఊళ్ళో ఉద్యోగం చేస్కుంటూ రాత్రి తొమ్మిదికి మెట్రో దిగి ఇంటికి నడిచొచ్చే ఆడపిల్ల వీటిల్లో తనని ఎక్కడ వెతుక్కోవాలి? రేవతీదేవి శిలాలోలిత ఇవ్వండి, 1981లో వచ్చింది, ఆవిడ పోయాక. 1993లో వచ్చిన నీలిమేఘాలు ఇవ్వండి, స్త్రీల కవిత్వం అంతా ఒకచోట ఉంటుంది, అందులో కోపం ఉంది, కానీ ఆ కోపం ఎవరి మీదో తనకి చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. కేక వద్దు అంటే ఇస్మాయిల్ ఉన్నాడు, అంత మెత్తగా మాట్లాడిన కవి మనకి ఇంకొకరు లేరని నా అభిప్రాయం, చిన్న చిన్న కవితలు, చెట్లు, పిట్టలు, వాన, ఒక్కోటి చదవడానికి నిమిషం పట్టదు, తెలుగు నెమ్మదిగా చదివేవాళ్ళకి అవే మంచి మొదలు. అయితే ఇవన్నీ ఒకేసారి కొనుక్కొచ్చి టేబుల్ మీద పేర్చకండి, దయచేసి.

కొనడం మాట వచ్చింది కాబట్టి, వచ్చే ఆదివారం తనతో ఆబిడ్స్ వెళ్ళండి. షాపులు మూసుంటాయి, ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి, పొద్దున్నే వెళ్తే ఎండ తగలదు. ఇద్దరూ చెరో మూడొందలు పెట్టుకోండి, ఎవరికి కావల్సింది వాళ్ళు కొనుక్కోండి, ఒకరి కోసం ఒకరు కొనొద్దు, ఒకరు తీసిన పుస్తకం మీద ఇంకొకరు కామెంట్ చెయ్యొద్దు. తర్వాత కోఠి వైపు నడిచి టీ తాగండి. పుస్తకాల దగ్గర మళ్ళీ కలిసి నిలబడటం ముందు అలవాటు కావాలి మీకు.

అమ్మగారి రికార్డింగుల విషయంలో మీకో పని ఉంది, అది ఈ వారమే మొదలుపెట్టండి. ఫోన్‌లో ఉన్నవి ఫోన్ పోతే పోతాయి. అమ్మాయిని అడిగి అన్నీ ఒకచోట కాపీ చేయించండి, ఒక్కో పద్యం మీరు నోట్‌బుక్‌లో రాయండి, పదం పదం విడదీసి అర్థం రాయండి, మీకు పద్యం ఎక్కకపోయినా తెలుగు వచ్చు, తనకి ఆడియో ఉంది కానీ అర్థం సగమే తెలుస్తుంది, ఆవిడకి పాఠం మొత్తం తెలుసు కానీ 85 ఏళ్ళు. ఆవిడ ఏ పద్యం ఎక్కడ నేర్చుకున్నారో, ఎవరు నేర్పారో, అది కూడా అడిగి రాయండి.

ఇంక లైబ్రరీ. ఇప్పుడే ఇవ్వొద్దు. మీ ప్రశ్నలో అది చివర్న పెట్టారు గానీ అసలు బాధ అక్కడే ఉందని నాకు అర్థమైంది, నా తర్వాత వీటిని ఎవరు తెరుస్తారు అని. ఆ మాట అమ్మాయితో నేరుగా అనండి, కవిత్వం గొప్పదా ఫాంటసీ గొప్పదా అనే వాదనలో దాచిపెట్టి కాకుండా. తర్వాత ఇద్దరూ కూర్చుని చూడండి, తను ఉంచుకుంటానన్నవి ఉంచండి, మిగిలినవి ఇవ్వాలనుకుంటే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది, 1901 నుంచి ఉన్న లైబ్రరీ, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, ముందే వెళ్ళి ఏవి తీసుకుంటారో కనుక్కోండి, మూటలు కట్టుకుని సరాసరి వెళ్ళిపోకండి. చందమామ బౌండ్లు మాత్రం ఎవరికిచ్చినా ఇవ్వకపోయినా వానలు మొదలయ్యేలోపు అటక మీంచి దించండి, అటక మీద చెమ్మ చేరితే ఆ కాగితం ఆగదు, చెదలు పడితే రెండు నెలల్లో పొడి చేస్తాయి. నీడలో ఒక పూట ఆరబెట్టి, గోడకి ఆనకుండా ఇనప బీరువాలో పెట్టి, పక్కన నాఫ్తలీన్ ఉండలు వెయ్యండి. దించేటప్పుడు స్టూల్ పట్టుకోవడానికి అమ్మాయిని పిలవండి.